తిథి లేని పిలుపు

అతిథి యనగా రాకకు తిథి లేనివాడని పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి. నేడు అట్టివాడు అరుదైనాడు. ఆప్తమిత్రుడు సైతము ముందుగా ఫోను చేసి, అనుమతి పొందినగాని గడప త్రొక్కడు. దినమంతయు గంటలుగా పంచుకొన్నవారికి అనుకోని పిలుపు ఆటంకముగా తోచుట వింత కాదు.

16వ శతాబ్దమున అల్లసాని పెద్దన చిత్రించిన ప్రవరుని చూడుడు. నిత్యకర్మలయందు అతనికంటె నియమపరుడెవడు? అయినను ఇంటికి వచ్చిన సిద్ధుని ఆదరించినాడు. అతడొసగిన పాదలేపముతో తోడనే హిమాలయమునకు పోయినాడు. మంచులో లేపము కరగిపోయినది. మరలి వచ్చు దారి లేక అలమటించిన మాట నిజమే. అంతలో వరూధిని పిలుపు ఎదురైనది. దానిని మాత్రము త్రోసిపుచ్చి, అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరినాడు. ఒక పిలుపునకు ఔననుటయు, వేరొకదానికి కాదనుటయు ఆ మనసునకే తెలిసినవి.

కనుక, వచ్చిన ప్రతి పిలుపునకును తల యూపుమనుట కాదు. ఏది స్వీకరింపదగినదో తేల్చుకొనుటకైనను తలుపు తెరచి యుండవలెను కదా! ప్రవరుడు ఆనాడు గడప దాటకున్నచో మనుచరిత్ర కథయే నడువదు. ఈ ఆదివారమున ఒక్క పూటయైనను ఏ పనికిని కేటాయింపక విడిచిపెట్టుదము. పొరుగింటివారు ఏటిగట్టుకు పోదము రమ్మన్నచో, డైరీ చూడక చెప్పులు తొడుగుకొందము.