కాటు పడ్డాక పాము కోసం వెతకొద్దు

నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యాయంటే నల్గొండ జిల్లా వేములపల్లి చుట్టుపక్కల మనుషులూ పాములూ ఒకే గట్టు మీద తిరుగుతారు. బొరియల్లోకి నీరు చేరగానే ఎలుకలు గడ్డివాముల్లోకి, వడ్ల బస్తాల మధ్యకు, ఇళ్లలోకి వచ్చేస్తాయి. వాటి వెనకే పాములొస్తాయి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు జరిగిన పాముకాటు మరణాల మీద వచ్చిన పెద్ద అధ్యయనం ఏటా సుమారు 58,000 మంది చనిపోతున్నారని లెక్కగట్టింది. అందులో సగం చావులు జూన్, సెప్టెంబరు నెలల మధ్యవే. చావులు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే ఈ వానాకాలమంతా మనం జాగ్రత్తగా ఉండాల్సిందే.

కాటు పడిన ఇంట్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఒకరు కర్ర పట్టుకుని పాము కోసం గడ్డినంతా కదిలిస్తారు. ఇంకొకరు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. నీరుకట్టె అని ఒకరు, కట్లపాము అని మరొకరు బదులిస్తారు. ఈలోగా విషం తన పని తాను చేసుకుపోతుంది. ఏ పాము కరిచిందో చెప్పకపోతే డాక్టరు మందు ఇవ్వడన్న మాట అబద్ధం. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ ఒకటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ అదే మందు. రెప్పలు వాలుతున్నాయా, వాపు ఎక్కుతోందా, గాజు గొట్టంలో పోసిన రక్తం 20 నిమిషాల్లో గడ్డకట్టిందా లేదా అన్నది చూసి డాక్టరు వైద్యం మొదలుపెడతాడు. చచ్చిన పామును సంచిలో వేసుకు రావాల్సిన పని లేదు. తెగిన తల కూడా కాటేయగలదు. పాముల్ని గుర్తుపట్టడం నేర్చుకోవాల్సింది కాటుకు ముందే, కాళ్లూ చేతులూ బాగున్నప్పుడే.

అన్నిటికంటే భయపడాల్సింది కట్లపాముకు. నిగనిగలాడే నలుపు, దాని మీద అడ్డంగా సన్నని తెల్లటి గీతలు, ఎక్కువగా జంటలు జంటలుగా ఉంటాయి. తల వైపు ఈ గీతలు ఉండవు, ఉన్నా మసకగా ఉంటాయి. తోక వైపు పోయేకొద్దీ తేటపడతాయి. కట్లపామును పోలినదే, గోడలెక్కి బల్లుల్ని వేటాడే, విషం లేని చిన్న పాము ఒకటుంది. దానికి చారలు మెడ దగ్గరే మొదలై తోక వైపు మాసిపోతాయి. కానీ పిల్ల కట్లపాముల్లో ఈ తేడా సరిగా కనిపించదు కాబట్టి, చారలున్న ఏ పామునూ చేత్తో ముట్టొద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు మొదలైతే తిన్నది పడలేదనుకుంటారు. ఆ తర్వాత రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, గుటక పడదు, ఊపిరి అందదు. రాత్రి నేల మీద పడుకున్న పిల్లాడికి పొద్దున్నే కడుపునొప్పితో పాటు కళ్లు మూతలు పడుతున్నాయంటే సోడా తాగించి కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. మంచం మీద పడుకోవడం, దోమతెర అంచుల్ని పరుపు కిందకు దోపడం, ఈ రెండూ ఖర్చు లేని కాపుదల.

పొలంలో ఎదురయ్యేది రక్తపింజర. లావు ఒళ్లు, మూడు మూలల తల, వీపు మీద నల్లటి అంచుల గోధుమ మచ్చలు మూడు వరసల్లో గొలుసులా సాగుతాయి. విశాఖపట్నంలో పాముల్ని సేకరించిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని 'కాటుక రేకుల పొడ' అన్న మన పేరుతోనే నమోదు చేశాడు. ఇది గుడ్లు పెట్టదు, ఒకేసారి పదుల సంఖ్యలో పిల్లల్ని కంటుంది. కొండచిలువ పిల్ల అనుకుని ఆ పిల్లల్ని చేతిలోకి తీసుకునేవాళ్లున్నారు. వాటికి పుట్టుకతోనే విషం ఉంటుంది. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వినిపిస్తే అక్కడే ఆగి వెనక్కి జరగండి. కాటు పడితే వాపు, చిగుళ్ల నుంచి రక్తం, చివరకు కిడ్నీల దెబ్బ.

నాగుపాము పడగ విప్పితే ఎవరైనా గుర్తుపడతారు, విప్పనప్పుడే పొరబడతారు. రాళ్ల గుట్టల వైపు జానెడు మూరెడు ఉండే చిన్న పింజర ఒళ్లు రాపాడిస్తూ రంపం కోసిన శబ్దం చేస్తుంది. పరిమాణం చూసి తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంకోవైపు, ఏ పాపం తెలియని జీవాల్ని చంపుకుంటున్నాం. జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకల్ని తింటుంది. మెరిసే ఒంటి నలికిరికి విషం లేదు, ఉడుముకూ లేదు. మిల్లుల్లో, పాత ఇళ్లలో ఉండే తెల్లమొహం గుడ్లగూబను అపశకునమని రాళ్లు వేసి తరుముతున్నారు. అది ఎలుకల్ని తగ్గిస్తే పాముల రాకా తగ్గుతుంది. పైగా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద జెర్రిపోతును, ఉడుమును, గుడ్లగూబను చంపడం నేరం. ఎర్రతేలు సంగతి వేరు. అది కుట్టిన పిల్లలకు చెమటలు పట్టి, చేతులూ కాళ్లూ చల్లబడితే గుండెకు ప్రమాదమని గ్రహించి ఆసుపత్రికి పరుగెత్తండి.

కాటు పడితే కట్టు కట్టొద్దు, కోయొద్దు, పీల్చొద్దు, పసరు పోయొద్దు. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద పెట్టండి. బాధితుణ్ణి నడిపించొద్దు. 108 ఆలస్యమయ్యేలా ఉంటే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రికి తీసుకుపోండి. మంత్రగాడి ఇంటి దగ్గర ఆగొద్దు. విషం లేని పాము కరిచినవాడు మంత్రం లేకపోయినా బతుకుతాడు, కట్లపాము కరిచినవాణ్ణి మంత్రం బతికించదు.

2018 ఆగస్టులో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి పూజలు చేశారు. భక్తిని తప్పుపట్టను. కానీ ఆ వరిపొలాల్లో ప్రాణాలు నిలబెట్టేది సమయానికి అందిన సీసా మందే. 2030 నాటికి పాముకాటు చావుల్ని సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో ప్రతి కాటునూ నమోదు చేయాలని రాష్ట్రాలను కోరింది. అందుకే వేములపల్లి, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల అధికారులను అడుగుతున్నాం: కాల్వకు నీళ్లు వదిలే ముందే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందు సీసాలు ఎన్ని ఉన్నాయో గోడ మీద రాయండి. రాత్రిపూట ఆ మందు ఎక్కించగల డాక్టరు ఎక్కడున్నాడో, ఊపిరి యంత్రం ఏ ఆసుపత్రిలో ఉందో ప్రతి గ్రామ పంచాయతీలో ఈ వారమే చాటింపు వేయించండి.