మందులూ మాటలూ : బేస్‌మెంటులో ఉప్పుటేరు

క్రిందటి నెల ఈ శీర్షికలో, పండగ పిండివంటల తర్వాత షుగర్ ఎలా అదుపులో పెట్టుకోవాలో వ్రాస్తామని మాట యిచ్చాము. ఆ మాట ఈ నెల తప్పుతున్నాము. కారణం ఏమిటంటే, మొన్న సొసైటీ భోజనాల దగ్గర మమ్మల్ని షుగర్ గురించి అడిగినవారు యిద్దరు. "మీ యింట్లో సొరచేప ఉందిట, నిజమేనా?" అని అడిగినవారు పద్నాలుగు మంది. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా అందరికీ కలిపి వ్రాసేస్తే సరిపోతుందనిపించింది.

నిజమే, ఉంది. ఒకటే. మూడడుగులకు మించి పెరగని జాతి. తెల్లచుక్కల బాంబూ షార్క్ అంటారు. పగలంతా ఇసకమీద పడుకుని, రాత్రి లేచి మూతి మీసాలతో నేల వెతుక్కుంటూ తిరుగుతుంది. దీని దాయాదులు మన విశాఖ, కాకినాడ వలల్లో కూడా పడుతూంటాయి. సినిమాలో చూసిన సొరచేపను ఊహించుకుని మా యింటికి వచ్చినవాళ్లు కాస్త నిరుత్సాహపడి, కాఫీ త్రాగి వెడుతూంటారు.

కోరిక మా అబ్బాయిది. వాడికి తొమ్మిదో ఏట ఈ పిచ్చి పట్టింది. దుకాణాల్లో నర్స్ షార్క్ పిల్లల్ని జానెడు పొడవున్నప్పుడు అమ్ముతారు. అవి ఎనిమిది, పదడుగులు పెరుగుతాయి. నల్లమొన సొరలయితే ఆగకుండా ఈదుతూనే ఉండాలి. ఈ రెంటినీ యింట్లో పెట్టుకోవటం, ఏనుగుపిల్లను అపార్ట్‌మెంటు బాల్కనీలో పెంచటంలాంటిది. నేలమీద పడుకునే బాంబూ షార్కుకు కూడా గాజు తొట్టె చాలదు. మూడడుగుల చేప తిరగటానికి చోటు కావాలి, మూలలు ఉండకూడదు. ఆ పరిమాణంలో గాజు తొట్టె చేయిస్తే చిన్న కారు ఖరీదవుతుంది. అందుకని అందరూ ఎండాకాలం పెరట్లో పెట్టుకునే గుండ్రటి పూలును బేస్‌మెంటులోకి దించాము. అసలు ఖర్చు ఎంతయిందో యిక్కడ వ్రాయం. ఈ పత్రిక మా మామగారికి కూడా పోస్టులో వెడుతుంది.

లెక్కలు మాత్రం చెప్పాలి, ఎందుకంటే అవి చూసుకోకుండా దిగితే యిల్లు కూలుతుంది. మాది 12 అడుగుల వ్యాసం, 30 అంగుళాల గోడ. అందులో 24 అంగుళాల నీళ్లు పోస్తే సుమారు 1,700 గాలన్లు. ఆ ఉప్పునీళ్ల బరువు ఆరున్నర టన్నులు. చదరపు అడుగుకి 128 పౌన్లు పడుతుంది. ఈ దేశంలో యిళ్ల గదుల నేలను చదరపు అడుగుకి 40 పౌన్ల లెక్కన కడతారు. కనక పై అంతస్తులో ఈ ముచ్చట కుదరదు. మట్టిమీద నేరుగా పోసిన కాంక్రీటు నేల ఉంటేనే ఆలోచించాలి. ఆ కాంక్రీటు మీద రెండంగుళాల ఫోమ్ బోర్డు పరిచి, దానిమీద పూలు నిలబెట్టి, చుట్టూ కూడా అదే బోర్డు కట్టాము. లోపల పూలుతో వచ్చిన ప్లాస్టిక్ తీసేసి, చేపల చెరువులకు వాడే రబ్బరు లైనర్ వేశాము. పూలు ప్లాస్టిక్‌లో నాచు పట్టకుండా మందు కలిపే అవకాశం ఉంది. పక్కింటివాళ్లు వాళ్ల పాత పూలు ఉచితంగా యిస్తామన్నారు గాని వద్దన్నాము. నాచు మందుల్లో రాగి ఉంటుంది. సొరచేపకు రాగి విషం. యిత్తడి కుళాయి బిళ్ల ఒకటి కూడా నీళ్లకు తగలనివ్వలేదు.

నీళ్ల సంగతి దగ్గర మాలో ఒకరి ఉద్యోగం అక్కరకు వచ్చింది. ఆ ఒకరు కిడ్నీ డాక్టరు. ఊరి నీళ్లలో కలిపే క్లోరమిన్ డయాలిసిస్ రోగి రక్తంలోకి వెడితే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే డయాలిసిస్ గదిలో నీటిని ముందు బొగ్గు ఫిల్టర్ల గుండా పంపి, తర్వాత ఆర్.ఓ. యంత్రంలో వడపోస్తారు. సొరచేపకూ అదే మర్యాద. మా యింటి ఆర్.ఓ. రోజుకి 100 గాలన్లు యిస్తుంది. పదిహేడు రోజులు రాత్రింబవళ్లు నడిచింది. తర్వాత 200 గాలన్లకు సరిపడే సముద్రపు ఉప్పు పెట్టెలు తొమ్మిది కలిపాము. 230 కిలోల ఉప్పు! ఉప్పు సత్యాగ్రహంవాళ్లు చూస్తే మెచ్చుకునేవారు.

నీళ్లు నిండగానే చేప ఎప్పుడని మా అబ్బాయి అడిగాడు. రెండు నెలలు ఆగాలన్నాము. వాడు ఏడ్చాడు. ఆగవలసిన కారణం యిది: చేప వదిలే అమ్మోనియాను ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైటుగా, మరో జాతి దానిని నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండు జాతులూ ఫిల్టర్లో కాపురం పెట్టేదాకా ఆ నీళ్లు సముద్రం కావు, ఉప్పు కలిపిన విషం. మందుల దుకాణంలోంచి తెచ్చినట్టు కొంచెం కొంచెంగా అమ్మోనియం క్లోరైడు వేస్తూ, రోజూ సాయంత్రం పరీక్షగొట్టాల్లో రంగులు చూస్తూ యాభై ఏడు రోజులు గడిపాము. ఆ గొట్టాలు చూసే పని వాడికే అప్పగించాము. యాభై ఏడు రోజుల అంకెలూ వాడి నోట్‌బుక్కులో ఉన్నాయి. మా హౌస్‌సర్జన్సీలో మేము యింత శ్రద్ధగా ఒక్క చార్టూ వ్రాయలేదు.

చేపను కొనలేదు, గుడ్లు కొన్నాము. తోలు పర్సులాంటి రెండు గుడ్లు. వెనక టార్చి పెడితే లోపల పిల్ల మెలికలు తిరగటం కనిపిస్తుంది. మేము అల్ట్రాసౌండ్ గదిలో వాడిని మొదటిసారి చూసిన సంగతి వాడికి ఆ రాత్రి చెప్పాము. రెండిట్లో ఒకటి ఆరో వారంలో కదలటం మానేసింది. రెండోది నాలుగో నెల దాటాక, జెబ్రా గుర్రంలాగా చారలతో బయటికి వచ్చింది. వాడు దానికి "సోమయ్య" అని పేరు పెట్టాడు. ఎందుకో చెప్పడు.

ఆ వేసవిలోనే మా యింటికి మామ్మగారు వచ్చారు. మాలో ఒకరికి తల్లి, ఒకరికి అత్తగారు. ఉప్పాడ దగ్గర పుట్టిన మనిషి. మెట్లు దిగి, నీళ్లలోకి తొంగి చూసి, "ఏరా నాయనా, ఆరు నెలలు పెంచి యింతేనా? దీంతో పుట్టు చేస్తే చెంచాడు కూడా అవదు" అన్నారు. మా అబ్బాయి మొహం మాడిపోయింది. పాలసొర బాలింతలకు పెడితే పాలు పడతాయని, ఉడకబెట్టి తోలు తీసి, పసుపు వేసి చిదిమి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలతో ఎలా వేయించాలో వాడికి వివరంగా చెప్పారు. వాడు చెవులు మూసుకున్నాడు. తర్వాత ఆవిడ అన్న మాట యిది: "సొర తాజాగా ఉంటే వాసనే ఉండదమ్మాయ్. ఒక్క పూట నిలవుందా, ముక్కు పగిలిపోద్ది. ఇంకే చేపకీ ఆ వాసన రాదు."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఆవిడ చెప్పింది ఫిజియాలజీ. మనుషుల రక్తంలో యూరియా 15 నుంచి 40 దాకా ఉంటే సరి అని మన ఊళ్ల లాబొరేటరీ కాగితాల మీద వేస్తారు. రెండు వందలు దాటితే మాబోటివాళ్లు డయాలిసిస్ మాట ఎత్తుతారు. సొరచేప రక్తంలో అది సుమారు రెండు వేలు! కావాలని దాచుకుంటుంది. సముద్రపు ఉప్పు ఒంట్లో నీళ్లు పీల్చేయకుండా అదే దాని ఉపాయం. అంత యూరియా ఉంటే మాంసకృత్తులు చెడిపోవాలి గదా? చెడకుండా మరో పదార్థాన్ని సగం పాళ్లలో కలిపి ఉంచుకుంటుంది. చచ్చిన తర్వాత సూక్ష్మజీవులు ఆ యూరియాను అమ్మోనియా చేస్తాయి. మామ్మగారి ముక్కు పగలగొట్టేది అదే. మన కిడ్నీ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరైన హోమర్ స్మిత్ 1930లలో ఈ సొరచేపల యూరియా మీదే పనిచేశాడు. ఎక్కువైన ఉప్పును బయటికి పంపే గ్రంథి వాటి పేగు చివర ఉందని వెండెల్ బర్గర్ 1960లో మెయిన్ రాష్ట్రపు సముద్రతీరంలో కనుక్కున్నాడు. కాకినాడలో వైద్యం చదివే రోజుల్లో చేపల బజారు పక్కనుంచి ముక్కు మూసుకుని నడిచామే గాని, ఎందుకా వాసన అని ఒక్కనాడూ అడగలేదు.

ఇంకో జబ్బు గురించి కూడా చెప్పాలి. తొట్లలో పెరిగే సొరచేపలకు గొంతు దగ్గర గాయిటర్ వస్తుంది. నీళ్లలో అయోడిన్ తగ్గినా వస్తుంది, నైట్రేటు పేరుకుపోయి ఉన్న అయోడిన్‌ను ఒంటబట్టనివ్వకపోయినా వస్తుంది. మేముండే మిషిగన్‌లో ఒకప్పుడు మనుషులకే యిది ఊరూరా ఉండేది. ఈ దేశంలో అయోడిన్ ఉప్పు మొదట అమ్మింది యిక్కడే, 1924లో. ఇప్పుడు అదే నేలమీద ఒక చేపకు రొయ్యముక్కలో అయోడిన్ పెట్టి తినిపిస్తున్నాము.

2025 మార్చి ఆఖరులో మా ఉత్తర మిషిగన్‌లో మంచువాన పడింది. చెట్లు విరిగి, స్తంభాలు వాలి, కొన్ని ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. మా యింట్లో నలభై గంటలు లేదు. మాలో ఒకరు హాస్పిటల్‌లో చిక్కుకుపోయారు. డయాలిసిస్ రోగులు కరెంటు వచ్చేదాకా ఆగలేరు. అక్కడ జనరేటరు మీద మూడు షిఫ్టులు నడిపారు. ఇంట్లో ఉన్నవాళ్లం యిద్దరమూ సోమయ్య దగ్గర. నీళ్ల వేడి గురించి భయం లేదు. అన్ని వేల లీటర్లు అంత త్వరగా చల్లారవు, మొత్తంమీద 26 డిగ్రీలనుంచి 21కి దిగింది. భయమంతా గాలి గురించే. పంపు ఆగితే చేపకే కాదు, ఫిల్టర్లో సూక్ష్మజీవులకు కూడా ఊపిరాడదు. బ్యాటరీ పంపు ఆరు గంటలు వచ్చింది. ఆ తర్వాత మామ్మగారు వదిలి వెళ్లిన స్టీలు చెంబులు రెండు తీసుకుని, కాఫీ చల్లార్చినట్టు, నీళ్లు ముంచి ఎత్తునుంచి పోయటం మొదలుపెట్టాము. అరగంట పోయటం, అరగంట విశ్రాంతి. తెల్లవారుజామున మా అబ్బాయి చెంబు పట్టుకునే నిద్రపోయాడు. రెండో రోజు పొద్దున్న ఎదురింటి పెద్దాయన జనరేటరు తెచ్చి, యింటికి దూరంగా పెరట్లో పెట్టి, తాడు లాగి వెళ్లాడు.

ఇక్కడ డాక్టర్లుగా ఒక మాట: జనరేటరును బేస్‌మెంటులోగాని, తలుపు తెరిచి ఉంది గదా అని గరాజులోగాని ఎప్పుడూ పెట్టకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలాగే ఉప్పునీళ్ల దగ్గరి ప్రతి ప్లగ్గూ జి.ఎఫ్.సి.ఐ. మీద ఉండాలి. తేమ పీల్చే యంత్రం లేకుండా బేస్‌మెంటులో పూలు పెడితే ఆరు నెలల్లో గోడలకు బూజు, పిల్లలకు ఆయాసం.

అడగనివారు అడగని ప్రశ్న ఒకటుంది. మేము యిక్కడికి వచ్చింది వీసా మినహాయింపు మీద. డాక్టర్లు దొరకని ఊళ్లో మూడేళ్లు పనిచేస్తే యింటికి పంపకుండా ఉండనిస్తారు. ఆ మూడేళ్లూ వచ్చే వేసవితో పూర్తవుతాయి. గ్రీన్‌కార్డు వరసలో మా చోటు ఎక్కడో పాఠకులకు వేరే చెప్పక్కరలేదు. బాంబూ షార్క్ యిరవై ఏళ్లు దాటి బ్రతుకుతుంది. మూడేళ్ల కాగితంతో యిరవై ఏళ్ల ప్రాణాన్ని తెచ్చుకున్నాము. గుడ్డు కొన్న రోజున ఈ లెక్క వేసుకోలేదు. పూలు బరువు వేశాము గాని యిది వెయ్యలేదు. పెద్ద ఆక్వేరియాలు యిలా వదిలించుకునే చేపల్ని మామూలుగా తీసుకోవు. మేము వ్రాసిన రెండు ఉత్తరాలకూ మర్యాదగా కాదనే జవాబు వచ్చింది.

మా అబ్బాయి ఆ జవాబులు చదివాడు. "మనం వెడితే అదీ వస్తుంది గదా?" అన్నాడు. తీసుకువెళ్లటం అసాధ్యమేమీ కాదు. రెండు రోజులు పస్తు పెట్టి, పెద్ద టబ్బులో ఆక్సిజన్ పెట్టి, కారులో పది గంటలు తీసుకుపోవచ్చు. కాని అక్కడి నీళ్లు ముందే సిద్ధంగా ఉండాలి. అంటే మరో యాభై ఏడు రోజులు. అంటే రెండు నెలలపాటు రెండు యిళ్ల అద్దె. ఫిల్టర్లో సగం యిక్కడినుంచి తడిగా తీసుకుపోతే ఆ రోజులు తగ్గుతాయని వాడే నోట్‌బుక్కు తిరగేసి చెప్పాడు.

పోయిన వారం ఒహాయోలో ఒక ఉద్యోగానికి ఫోన్లో ఇంటర్వ్యూ అయింది. చివర్లో, మీరేమైనా అడుగుతారా అన్నారు వాళ్లు. జీతం అడగాలి, కాల్ రోజులు అడగాలి. మేము అడిగింది, ఆ ఊళ్లో అద్దె యిళ్లకు బేస్‌మెంట్లు ఉంటాయా అని. ఫోన్లో కాస్సేపు నిశ్శబ్దం. జవాబు యింకా రావాలి.

షుగర్ సంగతి వచ్చే నెల తప్పకుండా.