నిఘంటువు ఉన్నది, పెద్దబాలశిక్ష ఏదీ?

లినక్సులో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి డాక్యుమెంటేషన్ కొరవడిందనడం న్యాయం కాదు. 2010లో వెలువడి, 2015లో డెబియన్ 8కు సైతం ఆధారమైన ఈ పనిముట్టుకు మాన్యువల్ పుటలు కోకొల్లలు. చిక్కంతా అమరికలోనే. ఒక్క సర్వీసు ఫైలు వ్రాయదలచినవారు యూనిట్, సర్వీస్, ఎగ్జెక్, కిల్ అనే పుటలన్నీ తిరగవలసిందే. నిఘంటువు చేతికిచ్చి భాష నేర్చుకోమన్నట్లున్నది!

తమ ప్రోగ్రాముకు డేటాబేసు అవసరమని ‘రిక్వైర్స్’ వ్రాస్తే, డేటాబేసే ముందు లేస్తుందని ఎవరైనా అనుకుంటారు. లేవదు, వరుస చెప్పనందున రెండూ ఒకేసారి మొదలవుతాయి. వరుసకు ‘ఆఫ్టర్’ విడిగా వ్రాయాలి. ఈ సంగతి యూనిట్ పుటలో ఉన్నది, నిజమే. వెదకాలని ముందే తెలిసినవారికి దొరుకుతుంది. పాత షెల్ స్క్రిప్టులు (అందచందాల ఊసెత్తకండి) మళ్ళీ రావాలని నేననను. కానీ పైనుంచి కిందికి చదివితే ఏది ఎప్పుడు జరుగుతుందో బోధపడేది.