కామెర్లు పట్టిన తాగుబోతును పస్తుంచరాదు

మన నెల్లూరు జిల్లాలో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినది 1992 ప్రాంతమున. 1993లో రాష్ట్రమున సారా నిషిద్ధమైనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలినది. ఆ చర్చను మరల తిరుగదోడుట మా యుద్దేశము కాదు. తాగి తాగి కాలేయము చెడి, కండ్లు పచ్చబడి, పొట్ట యుబ్బి మంచము పట్టినవానికి మన యిండ్లలో జరుగుచున్న పథ్యమును గూర్చియే మా మాట.

ఉప్పు లేదు, పప్పు లేదు, చేప అసలే కూడదు. మజ్జిగయన్నము, నేలయుసిరి పసరు. కొన్నిచోట్ల చేతికి వాత. ఇదంతయు ప్రేమతోనే చేయుచున్నారు. కాని యీ రోగికి తిండిలేమియే రెండవ శత్రువు. చెడిన కాలేయము రాత్రికి వలసిన శక్తిని నిలువచేసికొనజాలదు. కడుపు ఖాళీగా నున్న కొలది దేహము తన కండనే కరగించుకొనును. తొడలు, భుజములు ఎండి పొట్ట మాత్రము పెరుగుట మనమెల్లరము చూచినదే.

బరువునందలి ప్రతి కిలోకు దినమునకు 1.2 మొదలు 1.5 గ్రాముల మాంసకృత్తులు కావలెనని నేటి వైద్యులు చెప్పుచున్నారు. అనగా 60 కిలోల మనిషికి 72 మొదలు 90 గ్రాములు. మన తీరమున దొరకు చేప పావుకిలోలో సుమారు 45 గ్రాములుండును, గ్రుడ్డునందు 6. తక్కినది పప్పు, పాలు, పెరుగు. పడుకొనబోవుముందు గ్లాసెడు పాలు, రెండిడ్డెనలు తప్పక పెట్టవలెను. పొట్టలో నీరు చేరినచో ఉప్పు తగ్గింపవలసినదే. రోగి కంచము నెట్టివేయునంత చప్పన మాత్రము కారాదు.

ఇక మందులు. తాగుడు మానుటయే మొదటిది. అదియును వైద్యుని కనుసన్నలనే. ఏండ్లతరబడి తాగినవాడు హఠాత్తుగా మానినచో వణుకు, మూర్ఛ రావచ్చును. రోగము తీవ్రమైనచో ప్రెడ్నిసొలోన్ అను స్టెరాయిడును దినమునకు 40 మిల్లీగ్రాముల చొప్పున 28 దినము లిత్తురు. ఏడవ దినమున రక్తపరీక్షలో గుణము కనబడనిచో మాన్పింతురు. బ్రిటనులో వేయిమందికి పైగా రోగులపై జరిగి 2015లో ప్రకటింపబడిన పరీక్షలో, ఈ మందు మొదటి నెలలో కొంత సాయపడునట్లు తోచినను మూడు నెలలకు భేదమేమియు కానరాలేదు. ఒంటిలో క్షయ గాని వేరు సూక్ష్మక్రిములు గాని దాగియున్నచో ఇది ప్రమాదము. మందుల అంగడిలో అడిగి కొనదగినది కాదు.

నెత్తురు కక్కినను, నల్లని విరేచనమైనను, మాట తడబడి మతి తప్పినను తెల్లవారువరకు ఆగక ఆస్పత్రికి తరలింపవలెను.

కామెర్లవానికి చేపయా యని ఇంటి పెద్దమ్మలు అడ్డుపడుదురు. వారితో వాదింపక, ఆస్పత్రికి వెంటబెట్టుకొనిపోయి ఆ మాట వైద్యుని నోటనే వినిపించుట మేలని మాకు తోచుచున్నది.