రాత్రి 12 దాటితే తేదీ మారుద్ది బాస్!

పోయిన సంక్రాంతికి ఊరెళ్లే ట్రైన్ మిస్సయ్యా. టికెట్ మీద 13వ తేదీ, 00:20 అని ఉంది. ఆఫీసు హడావిడిలో క్యాలెండర్ యాప్ తెరిచి, ముల్లు గిర్రున తిప్పి 12:20 పెట్టా. రాత్రే కదా అని పీఎం నొక్కా! గంట ముందు మోగాల్సిన రిమైండర్ పొద్దున 11:20కి మోగింది. అప్పటికి ట్రైన్ వెళ్లి 11 గంటలు. "నువ్వు చేసేది కంప్యూటర్ ఉద్యోగమేనా నాన్నా?" అంది అమ్మ. ఏం చెప్పను?

మీకు ఆ తిప్పలొద్దు. ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో డేట్ అండ్ టైమ్‌కి వెళ్లి 24 గంటల ఫార్మాట్ ఆన్ చేయండి. ఇక ఏఎం, పీఎం గొడవే ఉండదు. టికెట్ మీద 00:20 ఉంటే అదే కొట్టేయొచ్చు.

రెండోది, ముల్లు తిప్పడం మానేయండి. ఆండ్రాయిడ్‌లో గడియారం కింద చిన్న కీబోర్డ్ గుర్తు ఉంటుంది. అది నొక్కితే అంకెలు టైప్ చేసుకోవచ్చు. ఐఫోన్‌లో అయితే తిరిగే అంకెల మీద ఒక్కసారి తడితే కీప్యాడ్ వచ్చేస్తుంది. రెండు సెకన్ల పని.

మూడోది, సేవ్ కొట్టే ముందు తేదీ పక్కన వారం కూడా చూడండి. అంకె తప్పితే మనకు తట్టదు కానీ, వారం తప్పితే ఇట్టే తెలిసిపోతుంది.

అర్ధరాత్రి ట్రైనైతే ఇంకో రిమైండర్ ముందురోజు రాత్రి 9కి పెట్టండి. పెట్టె సర్దుకోవాలిగా!

ఈసారి ఉగాదికి నేనైతే రెడీ. మరి మీరు?