సలహాకు ఫీజు అడగండి, తప్పులేదు

మాది ఎడ్లపాడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే హైవే మీద ఉంటుంది. ఇల్లు కట్టుకున్నాక ముందు రెండు సెంట్లు తోట కోసం వదిలాను. వ్యాన్‌లో మొక్కలు అమ్ముతూ వచ్చినాయన దగ్గర ఒకేసారి 14 వేలు పోసి కొన్నాను. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచేసరికి సగం పోయాయి. మిగిలిన నూరువరహాలు పసుపెక్కి నిలబడ్డాయి.

వరసకు కొడుకయ్యే కుర్రాడొకడు బీఎస్సీ బోటనీ పూర్తిచేసి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. ఓ ఆదివారం వచ్చి, గునపంతో అడుగు లోతు గుంట తీసి బకెట్ నీళ్లు పోశాడు. కాఫీ తాగి వెళ్లి చూస్తే నీళ్లు అలాగే ఉన్నాయి. ‘‘నల్లరేగడి బాబాయ్. వానకు ఉబ్బుతుంది, నీరు దిగదు, వేరుకి ఊపిరాడదు. ఎండకు బీటలిస్తే అదే వేరు తెగుతుంది. ఇక్కడ గుంట తీసి నాటకూడదు, మట్టి ఎత్తుచేసి నాటాలి’’ అన్నాడు. నూరువరహాల ఆకు తుంచి చూపించాడు. ఈనెలు పచ్చగా ఉన్నాయి, మధ్యలో పసుపు. సున్నం పాలు ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా మొక్కకి అందదట. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లమన్నాడు. కొత్తగా పెట్టాలనుకుంటే గన్నేరు, కాగితంపూలు చాలన్నాడు.

అరగంట పని. తప్పు మొక్కలు అమ్మినాయనకి 14 వేలు ముట్టాయి. ఒప్పు చెప్పిన కుర్రాడికి ఒక కాఫీ. ఇచ్చినవాణ్ని నేనే కాబట్టి ఎవర్నీ అనలేను.

ఈ పనికి బయటి దేశాల్లో ‘గార్డెన్ కోచ్’ అని పేరుంది. అతను గడ్డి పీకడు, మొక్కలు మోయడు. ఇంటికొచ్చి నేల, ఎండ, నీటి వాలు చూసి, ఏది ఎక్కడ నాటాలో యజమానికే నేర్పి, గంటకింత అని తీసుకుంటాడు. మన దగ్గర తోటమాలి ఉన్నాడు, లక్షల్లో కాంట్రాక్టు చేసే ల్యాండ్‌స్కేప్ వాళ్లున్నారు. మధ్యలో చోటు ఖాళీ. మిద్దెతోటల గురించి రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు రాసింది చదివి మొదలుపెట్టినవాళ్లు ఎందరో. వాళ్లలో చాలామందికి మూడో నెల్లో పురుగు పట్టినప్పుడు అడగడానికి మనిషి ఉండడు. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా అంటారా? మీ పెరట్లో నీరు ఎటు నిలుస్తుందో వీడియోకి తెలీదు.

హార్టికల్చర్, అగ్రికల్చర్, బోటనీ చదివినవాళ్లు నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు కూర్చుంటున్నారు. చదువు మానమనడం లేదు. ఎడ్లపాడు ఒక్కటే నమ్ముకుంటే పూట గడవదు, ఆ మాట కూడా దాచను. కానీ గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేట కలిపి చూడండి. విల్లాలు, కల్యాణ మండపాలు, ప్రైవేటు స్కూళ్లు, హైవే వెంట స్పిన్నింగ్ మిల్లులు ఎన్ని! వారానికి నాలుగిళ్లు, ఇంటికి 500 అనుకున్నా నెలకి 8 వేలు. కోచింగ్ సెంటర్ హాస్టల్ ఖర్చుకి ఇంట్లో చెయ్యి చాపక్కర్లేదు.

డిగ్రీ ఉంది కదా అని దిగిపోవద్దు. ముందు మీ ఇంట్లో పది మొక్కలు చంపి, పది బతికించండి. కడియం వెళ్లి నాలుగు రోజులు నర్సరీల్లో అంటు కట్టడం, కొమ్మ కత్తిరించడం చూసి రండి. డ్రిప్ పైపు బిగించడం చేత్తో నేర్చుకోండి. రెంటచింతల ఎండలున్న జిల్లా మనది. మేలో నీడ వల ఎక్కడ కట్టాలో చెప్పలేనివాడికి ఎవరూ రెండోసారి ఫోన్ చెయ్యరు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: మీరు మొక్కలు అమ్మకండి, నర్సరీల దగ్గర కమీషన్ తీసుకోకండి. ‘‘ఈ నేలకి ఈ మొక్క వద్దు’’ అని చెప్పగలిగినంత కాలమే మీ మాటకి ఫీజు. కమీషన్ చేతిలో పడ్డాక ఆ ‘వద్దు’ నోటికి రాదు.

మొన్న ఆ కుర్రాణ్ని మళ్లీ పిలిచి 500 ఫోన్‌పే చేశాను. ‘‘మీ దగ్గరేంటి బాబాయ్’’ అని చాలాసేపు నసిగాడు. ఇప్పుడు కార్డు కొట్టిస్తున్నాడు. దాని మీద మొదటిసారికి 300 అని రాయించాడట. 500 వేయించమని పోరుతున్నాను.