పోటీలోనూ పొత్తు

కొత్తూరులో బస్సు కోసం నిలబడ్డవాళ్ల చేతుల్లో ఇవాళ పేపరు కంటే ఫోనే ఎక్కువ. ఒకరు క్రోమ్‌లో చూస్తారు, ఒకరు ఫైర్‌ఫాక్స్‌లో, ఐఫోన్ ఉన్నవాళ్లు సఫారీలో. ఎవరు దేంట్లో తెరిచినా తెలుగు వార్త తెలుగులాగే కనిపిస్తుంది. ఇందులో వింతేముంది అనిపించవచ్చు. పాతికేళ్ల కిందట అది వింతే.

1997లో బ్రౌజర్ల రంగంలో నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ హోరాహోరీగా పోరాడుతున్నాయి. పేజీతోపాటు ఫాంటును కూడా పంపే సదుపాయాన్ని రెండూ ఆ ఏడాదే తెచ్చాయి. అయితే ఎవరి ఫైలు వారిదే. ఒకరి ఫాంటు ఇంకొకరి బ్రౌజర్‌లో పనికిరాదు. ఇంగ్లిషు పేజీకి ఫాంటు అలంకారం, తెలుగు పేజీకి అదే ప్రాణం. ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, విండోస్‌లోకి గౌతమి ఫాంటు 2001లో ఎక్స్‌పీతో గానీ రాలేదు. అందుకే ఈనాడు, వార్త వంటి పత్రికలు తమ సొంత ఫాంట్లతో నెట్‌లోకి వచ్చాయి. ఫాంటు దిగితే వార్త, దిగకపోతే తలాతోకా లేని ఇంగ్లిషు గుర్తులు. ఆ ఇబ్బంది చూసి వెన్న నాగార్జున ‘పద్మ’ను తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్‌కు దాన్ని తగిలిస్తే పత్రికల ఫాంట్లు అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మారేవి. కంపెనీలు కుదుర్చుకోవాల్సిన ఒప్పందం లేని లోటును ఒక తెలుగువాడు ఓపికగా పూడ్చాడన్నమాట. అన్ని బ్రౌజర్లకూ పనికొచ్చే ఫాంటు ఫైలు ‘వోఫ్’ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించేసరికి 2012 డిసెంబరు వచ్చింది. ఇవాళ మండలి, రామభద్ర ఫాంట్లు ఏ బ్రౌజర్‌లోనైనా నిక్షేపంగా దిగుతున్నాయంటే ఆ ఒప్పందం చలవే.

రైళ్లకూ ఇలాంటి చిక్కే ఉండేది. కొత్తూరు పక్కన తిమ్మాపూర్ మీదుగా మహబూబ్‌నగర్ వెళ్లే రైలు మార్గం ఒకప్పుడు మీటర్‌గేజి. గేజి మారే జంక్షన్‌లో సరుకంతా దించి, మళ్లీ ఎక్కించాల్సిందే. రైళ్లు వేగంలో ఎంతైనా పోటీపడవచ్చు, పట్టాల వెడల్పులో పోటీ పనికిరాదు. కాకపోతే గేజి ఒకసారి వేస్తే తరాలపాటు ఉంటుంది. వెబ్ ప్రమాణం అలా నిలకడగా ఉండదు. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌ను ఇప్పుడు ‘సజీవ ప్రమాణం’ అనే పిలుస్తున్నారు. అది నిత్యం మారుతూనే ఉంటుంది, బ్రౌజర్లు దాని వెంట పరుగెత్తుతూనే ఉండాలి.

ఆ పరుగులో కలిసి నడవడం బ్రౌజర్ కంపెనీలు క్రమంగా నేర్చుకున్నాయి. పేజీని గళ్లుగా అమర్చే ‘గ్రిడ్’ పద్ధతిని ఏళ్ల తరబడి లోలోపల పరీక్షించి, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడూ ఒకే నెలలో జనానికి అందించాయి. క్రోమ్‌కూ, సఫారీ ఇంజిన్‌కూ ఆ పని చేసిపెట్టింది ఇగాలియా అనే ఒకే సంస్థ. (ఇంజిన్ అంటే పేజీని తెరమీద గీసే లోపలి యంత్రాంగం.) 2022 నుంచి ‘ఇంటరాప్’ పేరుతో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా ఏటా కూర్చుని, ఈ ఏడు సరిచేయాల్సినవి ఇవీ అని రాసుకుంటున్నాయి. పరీక్షలు అందరికీ ఒకటే. ఎవరికెన్ని మార్కులు వచ్చాయో ఎవరైనా చూడవచ్చు. నలుగురిలో మార్కులు బయటపడతాయంటే పెద్ద కంపెనీ అయినా చదువుతుంది కదా!

పొత్తు మంచిదే కానీ, అందరూ ఒకే గూటికి చేరితే అది పొత్తు కాదు. ఒపెరా 2013లో, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020లో సొంత ఇంజిన్లు వదిలి క్రోమ్ ఇంజిన్‌కు మారాయి. హైదరాబాదీ సత్య నాదెళ్ల సారథ్యంలోనే 2022 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ వీడ్కోలు పలికింది. పేర్లు ఎన్ని ఉన్నా ఇవాళ లోపలున్న ప్రధాన ఇంజిన్లు మూడే. ఒకప్పుడు ‘ఎక్స్‌ప్లోరర్‌లోనే చూడండి’ అని సైట్ల అడుగున రాసేవారు. ఇప్పుడు ఆ మాట పైకి అనకుండానే క్రోమ్‌లో ఒక్కసారి చూసి సరే అనుకునే సైట్లకు కొదవ లేదు. అందరి కింద ఒకే సరంజామా ఉంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరమే చూపించింది. ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షరాల కూర్పు మెసేజీలో వస్తే చాలు, ఐఫోన్‌లో అది తెరిచిన యాప్ కుప్పకూలేది. అక్షరాలు గీసే భాగం ఫోనంతటికీ ఒకటే కాబట్టి యాప్ మార్చినా ఫలితం అంతే. ఆ నెల 19న ఆపిల్ కొత్త వెర్షన్ ఇచ్చాక గానీ గండం గడవలేదు.

తప్పు పెద్దదైతే ప్రపంచమంతా చూస్తుంది. చిన్నదైతే? ‘స్త్రీ’ మన కంటికి ఒకటే అక్షరం. యూనికోడ్ పాత సూత్రం ప్రకారం కంప్యూటర్‌కు అది స్, త్, రీ అనే మూడు ముక్కలు. ఆ సూత్రాన్ని నమ్ముకుని వ్యాసం మొదటి అక్షరాన్ని పెద్దది చేయమన్నా, అక్షరాల మధ్య ఎడం పెంచమన్నా ఒత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న సూత్రం తెలుగుతోపాటు మరికొన్ని భారతీయ లిపులకు 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. కాగితం మీద సూత్రం వచ్చినంత మాత్రాన ప్రతి బ్రౌజర్‌లోకీ, ప్రతి ఫోన్‌లోకీ వచ్చేసినట్టు కాదు. వచ్చిందో లేదో చూడాల్సింది ఆ అక్షరం చదవగలిగినవాళ్లే.

మూడు ఇంజిన్లకూ తప్పులు రాసే బహిరంగ పట్టికలు ఉన్నాయి. ఇంటరాప్ ఏటా బయటివారి ప్రతిపాదనలు కూడా తీసుకుంటుంది. మైక్రోసాఫ్ట్, గూగుల్, ఆపిల్ మూడింటికీ హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి, వాటిలో తెలుగు ఇంజినీర్లకు కరువు లేదు. తెలుగు సైట్లు నడిపేవాళ్లు పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పి, మూడు ఇంజిన్లలోనూ తెరిచి చూసుకోవడం పెద్ద శ్రమేమీ కాదు. ఒత్తు విరిగినచోట విసుక్కుని ఊరుకోకుండా ఫొటో తీసి ఆ పట్టికలో పెడితే, దిద్దడం ఆ కంపెనీల వంతవుతుంది. కంపెనీల పోటీ మన భాషకు మేలు చేయాలంటే మనం అడిగేవాళ్లుగా ఉండాలి.